"ఒప్పుకుంది" అంటే ఎవరు ఒప్పుకున్నట్టు?

మొన్న ఆత్మకూరు పక్కన మా మేనత్త వాళ్ళ ఊళ్ళో పోలేరమ్మ కొలుపులకు పోయాను. పొట్టేలు నొసట కుంకుమ పెట్టి, మెడకు వేపమండ కట్టి, వీపు మీద చెంబుడు పసుపునీళ్ళు పోశారు. అది కదల్లేదు. ఇంకో చెంబు పోశారు. అప్పుడూ కదల్లేదు. మూడోసారి నీళ్ళు చెవి దగ్గర పడేసరికి తలకాయ నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. "ఒప్పుకుంది, ఒప్పుకుంది!" అని ఒకటే కేకలు. ఆ పైన తప్పెట్ల మోతలో ఇంకేం వినపడలేదు.

ఎవరు ఒప్పుకున్నారు? తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్ళకీ పశువులకీ క్రియ ఒకటే కదా. అమ్మ వచ్చింది, గొర్రె వచ్చింది. పోతురాజైతే "ఒప్పుకున్నాడు" అనేవాళ్ళు, ఈ అనుమానమే రాదు. అత్తను అడిగితే "అమ్మే, ఇంకెవురు" అంది. పొట్టేలును పట్టుకున్న పెద్దాయన మాత్రం "కాదు మే, జీవమే ఒప్పుకుంటాది. ఒప్పుకోనిదాన్ని ఎట్టా కోస్తాం" అన్నాడు. (మా వైపు గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలనే అంటాం.) ఆయన ఆ మాట నిండు మనసుతో అన్నాడు. ఇంతకీ ఈ క్రియకు కర్త ఎవరు? మీ ఊళ్ళలో ఏమంటారు?

కావలి నుంచి ఒక సంస్కృతం మాస్టారు:
ఈ చిక్కు వేదకాలం నుంచీ ఉందండీ. యజ్ఞపశువును చంపడానికి వాడిన మాట "సంజ్ఞపనం". జ్ఞా ధాతువుకు సమ్ చేరి, ప్రేరణార్థకంలో సమ్మతింపజేయడం అని అర్థం. యజ్ఞవిధులు వివరించే వేదగ్రంథం శతపథ బ్రాహ్మణం "చంపు" అనొద్దని, అది మనుషుల తీరని, "సంజ్ఞపయ" అనడం దేవతల తీరని చెబుతుంది. పశువు ఊపిరి ఆపేటప్పుడు కళ్ళారా చూడకుండా ఋత్విక్కులు ఆహవనీయం అనే హోమాగ్ని వైపు తిరిగి కూర్చోవాలి. చూడలేకపోయారనే కదా ఆ నియమం! మనుస్మృతి ఐదో అధ్యాయంలో "మాంసం" అనే మాటను "మాం, సః" అని విడదీశారు. "ఇక్కడ నేనెవరి మాంసం తింటున్నానో, పరలోకంలో వాడు నన్ను తింటాడు" అని. వ్యుత్పత్తిగా అది నిలవదు. కానీ అందులో ఒప్పుకుంటున్నది తినేవాడే.

నెల్లూరు నుంచి:
మాది తరాలుగా కటిక పని చేసే ఇల్లు. మన తెలుగులో "హలాల్ చేయడం" అంటే కోయడమని స్థిరపడింది గానీ, అరబ్బీలో హలాల్ అంటే అనుమతి ఉన్నది అని. కోతను జబహ్ అంటారు, మేం జబా అంటాం. ఇక్కడ అనుమతి అల్లాది, అందుకే ప్రతి ప్రాణానికీ ఆయన పేరు పలకాలి. జీవం ఒప్పుకుందని మేమెప్పుడూ అనం. ప్రవక్త మాటల సంకలనం సహీహ్ ముస్లింలోని హదీసులో ఉంది: కత్తికి పదును పెట్టుకోండి, కోయబోయే జీవానికి ఊరట కలిగించండి అని. మా నాన్న కత్తిని ఇంట్లోనే నూరి, గుడ్డలో చుట్టుకుని పోయేవాడు, జీవం కంటపడకూడదని. ముందు నీళ్ళు తాపేవాడు. ఒకటి చూస్తుండగా ఇంకోదాన్ని కోయనిచ్చేవాడు కాదు. 2001 నాటి కబేళా నిబంధనల్లోనూ ఆ మాట ఉందని తర్వాత తెలిసింది.

ఒంగోలు నుంచి:
మా బైబిల్లో సామెతలు 12:10, "నీతిమంతుడు తన పశువుల ప్రాణమును దయతో చూచును." ప్రాణమును అన్నారు చూడండి, పశువులను అని ఊరుకోలేదు.

మొదట రాసిన నేనే:
మాస్టారూ, ఋత్విక్కులు మొహం తిప్పుకోవడం గురించి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనూ ఆ రోజు తప్పెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. నెల్లూరు అన్నా, మీ నాన్నగారు కత్తికి చుట్టిన ఆ గుడ్డ నాకు ఈ మాటలన్నిటికంటే ఎక్కువగా గుర్తుంటుంది. "ఊరట" జీవాన్ని చూసి పుట్టిన మాట. "సంజ్ఞపనం", "ఒప్పుకుంది" మన గుండె దిటవు కోసం పుట్టినవని నాకనిపిస్తోంది. గుడి ఆవరణలో బలులు కూడదని 1950లోనే చట్టం వచ్చినా ఈ మాట ఊళ్ళో బతికే ఉంది.

నిన్న అత్తకు ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెవిలో నీళ్ళు పడితే ఏ జీవమైనా ఇదిలిస్తాది కదబ్బయ్యా" అంది.

ఉదయగిరి, కనిగిరి వైపు వాళ్ళు ఉంటే చెప్పండి, మీ దగ్గర "ఒప్పుకుంది" అంటారా, "విదిలించింది" అనేనా?