అప్‌డేట్: రాయగడ ఇల్లు అద్దెకిచ్చి వ్యాన్‌లో కాపురం

రిటైరయ్యాక రాయగడ ఇల్లు అద్దెకిచ్చి, నేనూ మా ఆవిడా వ్యాన్‌లోనే ఉండవచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చకూడదు. అందుకే మార్పించే ఆలోచన మాని, క్యారవాన్‌గానే (లోపలే కాపురముండే బండిగా) రిజిస్టరైన బండి వెతుకుతున్నాం. పింఛను ఆగకుండా నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ బెంగ లేదు; ప్రభుత్వ యాప్ జీవన్ ప్రమాణ్‌లో ఫోనుకు ముఖం చూపితే చాలు.

అసలు పేచీ కరెంటు దగ్గరే. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 2,400 వాట్-అవర్లు. ఏసీకి అది ఏ మూలకు? వేసవిలో కోరాపుట్ కొండలెక్కుతాం. గ్రైండర్ లేనిదే మా ఆవిడ బండెక్కదట! లెక్క వేశాను: 150 వాట్ల గ్రైండర్ అరగంటకు 75 వాట్-అవర్లే తింటుంది. ఒప్పుకున్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు.