షాద్‌నగర్‌కు మారాలా, శంషాబాద్‌లోనే ఆగాలా?

కొత్త_అద్దెదారు:
నందిగామ మండలంలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది, జూన్‌లో చేరాలి. షిఫ్టులుంటాయి. మా ఆవిడ ఆఫీసు గచ్చిబౌలిలో, వారానికి రెండు రోజులు వెళ్తే చాలు. బాబు ఎనిమిదో తరగతి, సీబీఎస్‌ఈ. ప్రస్తుతం ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం, అక్కడి నుంచి రోజూ తిరగడం కుదరని పని. షాద్‌నగర్ టౌన్లో ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుంది? నీళ్లు, స్కూలు, రాకపోకలు తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు. ఇప్పుడే కొనే ఆలోచన లేదు గానీ ప్లాట్ల ఫోన్లు మాత్రం అప్పుడే మొదలయ్యాయి!

నలభైనాలుగు_హైవే:
మీకు షాద్‌నగర్ సరిపోతుంది. నందిగామ, కొత్తూరు రెండూ హైవే మీదే, షాద్‌నగర్‌కీ శంషాబాద్‌కీ మధ్యలో ఉన్నాయి. టోల్ కూడా తగలదు, రాయికల్ ప్లాజా షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు ఉంది.

తేల్చుకోవాల్సింది గచ్చిబౌలి సంగతి. శంషాబాద్ దాకా హైవే, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఇంకో పాతిక కిలోమీటర్లు. మొత్తం మీద ఒక వైపు 55 దాకా వేసుకోండి. కారైతే గంటంబావు, సాయంత్రం గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కేసరికే అందులో పావుగంట పోతుంది. రెండు రోజులకైతే ఓర్చుకోవచ్చు. రేపు ఆఫీసువాళ్లు ఐదు రోజులూ రమ్మంటే షాద్‌నగర్ వద్దు, శంషాబాద్‌లో ఉండండి. అప్పుడు రోజూ ఎదురు దిక్కులో, సిటీ బయటికి తిరగాల్సింది మీరే, కానీ పొద్దున సిటీ నుంచి బయటికొచ్చే వైపు రద్దీ తక్కువ.

రెండు విషయాలు చాలామందికి తర్వాత తెలుస్తాయి. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్‌ను రానివ్వరు, సర్వీస్ రోడ్డులోనే పోవాలి. ఇక ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారి టోల్ గేట్లకే, ఔటర్ మీద చెల్లదు. అక్కడ దూరాన్ని బట్టి డబ్బులు కట్ అవుతాయి, నెల ఖర్చులో ముందే కలుపుకోండి.

రైలు కాచిగూడ–మహబూబ్‌నగర్ లైను. తిమ్మాపూర్, ఉందానగర్, ఫలక్‌నుమా మీదుగా కాచిగూడ పోతుంది. కాచిగూడ, మలక్‌పేట చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు నెల సీజన్ టికెట్ బంగారమే. గచ్చిబౌలికి మాత్రం రైలు పనికిరాదు. ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉన్నా అది సికింద్రాబాద్ చుట్టి హైటెక్ సిటీ వైపు తిరుగుతుంది.

బస్సులో అయితే ఆరాంఘర్‌లో దిగి మారాలి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, తెలంగాణ అడ్రసున్న ఆధార్ చూపిస్తే చాలు. డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య సీటు మీద ఆశ పెట్టుకోకండి.

ఫరూఖ్‌నగర్_పోరడు:
ఇల్లు చూసేటప్పుడు ముందు రైలు పట్టాలకు ఏ దిక్కున్నదో చూడున్రి. మీ డ్యూటీ హైవే మీద, ఇల్లు గేటుకు అవతల ఉంటే రోజూ గేటు కాడ నిలబడుడే. మ్యాపుల దూరం చూసి మోసపోకున్రి, షిఫ్టు టైముకు ఒకసారి బండి మీద పోయి చూడున్రి.

చుట్టుపక్కల ఫార్మా, స్టీలు కంపెనీలున్నయి. పగటిపూట ఏం తెల్వది. రాత్రి పది దాటినంక ఆ గల్లీల ఒక అర్ధగంట నిలబడితే వాసన వస్తదో రాదో తెలుస్తది. మిద్దె మీదికెక్కి పిట్టగోడ మీద వేలు పెట్టి గీయున్రి. వేలికి నల్లగా అంటుకుంటే బట్టలు ఆరేసుడు కూడా కష్టమే.

నీళ్ల సంగతి అసలుది. మిషన్ భగీరథ లెక్కల మున్సిపాలిటీకి మనిషికి రోజుకు 135 లీటర్లు. ముగ్గురికి 400 లీటర్లు అయితయన్నమాట. లెక్క మంచిదే గానీ నల్లా ఏ గల్లీకి ఎన్నొద్దులకు, ఎంతసేపు వస్తదో ఓనరును కాదు, పక్కింటామెను అడగున్రి. తక్కువబడ్డది బోరు నుంచి వాడుకోవాలె.

బోరు చూసే పద్ధతి చెప్త. ట్యాంకు వాల్వు ఇడిసి ఖాళీ చేయించి, మోటరు ఆపకుంట 40 నిమిషాలు నడపమనున్రి. పైపు కాడ నిలబడున్రి. మొదలు ధార మంచిగొచ్చి, 15–20 నిమిషాలకు బుస్సుమని గాలి కొట్టుకుంట ఆగి ఆగి వస్తే బోరుల నీళ్లు మోటరు కాడికి దిగినట్టే. ఇయ్యాల గట్లుంటే మే నెలల అసలే రాదు. ఏప్రిల్, మే నెలలల్ల ఇల్లు చూసుడే మంచిది, వానకాలంల అన్ని బోర్లు మంచియే.

సంపు ఎంతదో కూడా చూడున్రి. ట్యాంకరు ఎక్కువగా 5,000 లీటర్లది వస్తది. సంపు 3,000దైతే మిగిలినయి మోరిల పోతయి, పైసలు మాత్రం నిండు ట్యాంకరుకే.

కొత్త_అద్దెదారు:
చాలా ఉపయోగపడింది అన్నా. బోరు నీళ్లు తాగడానికి ఆర్‌ఓ పెట్టుకుంటే సరిపోతుందా? ఒక ఇంట్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూపించారు, 480 వచ్చింది. మంచి నీళ్లే అన్నారు.

నీటి_లెక్క:
టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిదేనని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, నిజమే. కానీ ఆ మీటరు ఫ్లోరైడ్ చూపించదు. 480 ఉన్న నీళ్లలో కూడా ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 1.5 వరకు. ఎదిగే పిల్లాడున్న ఇల్లు కాబట్టి లీటరు సీసాలో పట్టి ల్యాబుకు ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం ఈ మూడూ అడగండి. మోటరు పది నిమిషాలు నడిచాక బోరు పైపు నుంచే పట్టాలి, ట్యాంకు నీళ్లు వద్దు, అందులో నల్లా నీళ్లు కలిసి ఉంటాయి.

ఆర్‌ఓ ఫ్లోరైడ్ తగ్గిస్తుంది, మెంబ్రేన్ బాగున్నంత కాలం. కాఠిన్యం 200 దాటితే మెంబ్రేన్ తొందరగా పూడుకుపోతుంది, గీజరు కాయిల్ మీద కూడా తెల్లగా సున్నం కడుతుంది. నల్లా నీళ్లు తాగడానికి, బోరు వాడకానికి పెట్టుకోండి. రెండూ ఒకే ట్యాంకులోకి పోయే ఇల్లయితే వంటింట్లోకి నల్లా లైను విడిగా ఇప్పించుకోండి.

ఫైలు_మనిషి:
స్కూలు: బోర్డు మీద ‘సీబీఎస్‌ఈ సిలబస్’ అని రాసినంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్‌ఈ సైటులో వెతకండి, ఏ తరగతి దాకా గుర్తింపో కూడా కనబడుతుంది. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, ఆ తర్వాత మారడం తలనొప్పి. కాబట్టి పదో తరగతి దాకా ఉండే స్కూలు ముందు చూసుకుని, దాని చుట్టూ ఇల్లు వెతకండి. పాత స్కూలు నుంచి టీసీతో పాటు పెన్ (విద్యార్థి శాశ్వత గుర్తింపు) నంబరు తీసుకోవడం మరవకండి.

కరెంటు: మీ వాటాకు విడి మీటరు ఉండాలి, ఇది గట్టిగా పట్టుకోండి. రెండు వాటాలకు ఒకటే మీటరైతే యూనిట్లు కలిసి 200 దాటుతాయి. దాటితే పైన వాడిన వాటికే కాదు, మొదటి 200కు కూడా యూనిట్‌కు రూ.5.10 పడుతుంది. బిల్లు మీదుండే యూఎస్‌సీ (కనెక్షన్) నంబరు తీసుకుని పాత బాకీ ఉందేమో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

గ్యాస్: ఉప్పల్ ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోవాలి. పాత డిపాజిట్ మీరు కట్టిన రేటుకే తిరిగిస్తారు, కొత్తచోట ఇప్పటి రేటు కట్టించుకుంటారు, తేడా భరించాల్సిందే. ఓటు అడ్రసు మార్చుకోవడానికి ఫారం 8.

ప్లాట్ల ఫోన్ల గురించి: గుంటల్లో అమ్మే ‘ఫామ్ ప్లాటు’ అంటే పెట్టేయండి. అది వ్యవసాయ భూమి, ఇంటి పర్మిషన్ రాదు, బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు. లేఅవుట్ అయితే ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో ప్లాన్ తెప్పించుకుని, పర్మిషన్ ఇచ్చే సంస్థ దగ్గర తనఖాలో పెట్టిన 15 శాతం ప్లాట్ల నంబర్లు చూడండి. చవగ్గా ఇస్తామనేవి ఒక్కోసారి అవే. రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం షాద్‌నగర్ వైపు నుంచి వెళ్లే ప్రతిపాదన ఉంది కాబట్టి సర్వే నంబరు అందులో పోతుందేమో రెవెన్యూ ఆఫీసులో అడగండి. ఇంకొకటి, 2016కు ముందు కాగితాల్లో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. తర్వాత ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో కలిసింది.