అప్‌డేట్: పాపతో హ్యూరాన్ నదిలో కనూ ప్రయాణం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న ఆన్ ఆర్బర్‌లో, ఐదేళ్ల పాపతో, ఈత అంతంతమాత్రంగా వచ్చిన మేమిద్దరం హ్యూరాన్ నదిలో పడవ మీద వెళ్లొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. వెళ్లొచ్చాం, చాలా హాయిగా గడిచింది.

ఆర్గో అనే పడవల రేవు నుంచి గాలప్ పార్క్ దాకా, 3.7 మైళ్లు. మీరు చెప్పినట్టే కయాక్ (సన్నటి చిన్న పడవ) వద్దనుకుని కనూ (పైన తెరిచి ఉండే పొడవాటి తెడ్డు పడవ) తీసుకున్నాం. పాప మధ్యలో, మేం చెరో చివర. నా టెన్షనంతా మొదట్లో వచ్చే ఆర్గో క్యాస్కేడ్స్ గురించే. చిన్న చిన్న రాతి మెట్ల మీదుగా నీళ్లు జారుతుంటాయి. అయితే మెట్టుకీ మెట్టుకీ మధ్య మడుగు ఉంటుంది, పడవను సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. ముందు వెళ్లే పడవ పూర్తిగా దిగేదాకా ఆగండి, అంతే. భయంగా ఉంటే పక్కనే కాలిబాట ఉంది, పిల్లల్ని నడిపించుకెళ్లొచ్చు.

ఆ తర్వాత తెడ్డు పెద్దగా వేయక్కర్లేదు. ఆర్బొరేటం (రకరకాల చెట్లు పెంచే తోట) దగ్గర దుంగ మీద తాబేళ్లు వరసగా ఎండ కాచుకుంటున్నాయి. పాప ఊపిరి బిగబట్టి చూసింది. గాలప్ దగ్గర నది చెరువులా వెడల్పవుతుంది, ఎదురుగాలి ఉంటే చేతులు నొప్పి పుడతాయి. అందుకే పొద్దున్నే బయల్దేరండి.

మిషిగన్‌లో ఆరేళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్లం మేమూ విప్పలేదు. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.