సైన్స్ వదిలేసి దాదాపు పదేళ్ళు, ఇప్పుడు మెడిసిన్ మొదటి సంవత్సరం: ముందుగా ఏం చదవాలి?

కొత్త_తెల్లకోటు:
ఇన్నాళ్ళూ అకౌంట్స్ పనే. ఎంట్రన్స్ మాత్రం ఫార్ములాలు, బిట్లు బట్టీపట్టి ఎలాగో గట్టెక్కాను గానీ, అలా ఎందుకవుతుంది అని ఎవరైనా అడిగితే నోరు పెగలదు. క్లాసులు మొదలవడానికి ఇంకో మూడు నెలలుంది, అప్పటిదాకా ఉద్యోగం తప్పదు కాబట్టి రోజుకి గంటన్నర మించి దొరకదు. అనాటమీ పుస్తకం మొదలుపెడితే పేజీ తిప్పేసరికి వెనక పేజీ గుర్తుండటం లేదు. వయసు వల్లనా, అలవాటు తప్పడం వల్లనా? ఈ టైములో ఏది చదివితే లాభం? టెన్షన్‌గా ఉంది.

రెండో_ఏడాది:
అనాటమీ పక్కన పెట్టేయండి, అది ఎలాగూ అక్కడ మొదటి నుంచి చెప్తారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివి వేరే ఉన్నాయి: మోల్ (అణువులు, అయాన్లు ఎన్నున్నాయో లెక్కించే ప్రమాణం), గాఢత, లాగరిథమ్, పీడనం, ఆస్మాసిస్ (పలచటి ద్రావణం నుంచి చిక్కటి దానిలోకి పొర గుండా నీరు వెళ్ళడం). ఇవన్నీ మీకు వచ్చనే అనుకుని లెక్చర్ లాగించేస్తారు.

రక్తం పీహెచ్ (ఆమ్లత కొలత, ఎంత తగ్గితే ఆమ్లత అంత ఎక్కువ) మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది కదా. 7.4 నుంచి 7.1కి దిగితే ఏముంది, 0.3 తేడాయేగా అనిపిస్తుంది, కానీ అది లాగ్ స్కేలు కాబట్టి హైడ్రోజన్ అయాన్లు లీటరుకి 40 నానోమోల్స్ నుంచి దాదాపు 80కి చేరాయన్నమాట, అంటే రెట్టింపు. ఇది తెలియకపోతే ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లత పెరగడం) పాఠం మొత్తం అంకెల గోల. సెలైన్ 0.9 శాతమే ఎందుకు? లీటరులో 9 గ్రాముల ఉప్పు, అంటే సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్స్, రెండూ కలిపితే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) గాఢతకి దగ్గరగా వస్తుంది. అదే ఉత్త నీళ్ళు నేరుగా నరంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు నీరు పీల్చుకుని పగిలిపోతాయి. 9ని 58.5తో (ఒక మోల్ ఉప్పు బరువు గ్రాముల్లో) భాగించి, వెయ్యితో గుణించి ఆ 154 మీరే తెచ్చుకోండి, లెక్కల మనిషే కదా.

ఫిజియాలజీ_చెప్తాను:
పైవారు చెప్పింది సరైనదే. దానికి గ్రాఫులు కూడా కలపండి. నేను చూసినంతలో వెనకబడేది వయసు పైబడినవాళ్ళు కాదు, గ్రాఫ్ కనబడగానే దాటేసి కింది పేరాకి వెళ్ళిపోయేవాళ్ళు. హిమోగ్లోబిన్–ఆక్సిజన్ గ్రాఫ్ తీసుకుని, కింద రాసిన వివరణ మూసేసి, అది ఎస్ ఆకారంలో ఎందుకుందో (ఒక ఆక్సిజన్ అతుక్కుంటే తర్వాతిది ఇంకా సులువుగా అతుక్కుంటుంది), కుడివైపుకి జరిగితే కణజాలాలకి ఆక్సిజన్ ఎక్కువ అందుతుందో తక్కువ అందుతుందో పైకే చెప్పి చూడండి. అలాగే రక్తనాళం వ్యాసార్ధం సగమైతే, మిగతావేవీ మారకపోతే, ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. చిన్న ధమనులు కాస్త బిగుసుకుంటే చాలు బీపీ ఎందుకు పెరుగుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక గుర్తుండకపోవడానికి వయసుని తిట్టకండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే పాఠం మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు, వారం తర్వాత పెడితే మాత్రం ఒకసారి చదివి, చూడకుండా రాసుకున్నవాళ్ళు ముందున్నారు. వాళ్ళంతా కుర్రవాళ్ళే.

ఎముకలగూడు:
అనాటమీ పూర్తిగా వదిలేయమనడం నాకు నచ్చలేదు. మీడియల్, లాటరల్, ప్రాక్సిమల్, డిస్టల్ లాంటి దిశల పేర్లు, పెద్ద ఎముకలు, గుండె గదులు ముందే వస్తే డిసెక్షన్ హాల్లో మొదటి వారం బిక్కమొహం వేయక్కర్లేదు. మణికట్టులోని ఎనిమిది ఎముకల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి.

రెండో_ఏడాది:
అంతవరకైతే సరే. వారానికి ఒక పూట, అంతకు మించొద్దు.

కొత్త_తెల్లకోటు:
154 వచ్చింది! మోల్ అంటే ఇంతేనా అనిపించింది. ఇంకో సందేహం, సీనియర్ల ఫ్లాష్‌కార్డులు వేలల్లో దొరుకుతున్నాయి, దించుకోనా?

ఫిజియాలజీ_చెప్తాను:
ఇప్పుడే వద్దు. అర్థంకాని విషయాన్ని కార్డు మీద ఎన్నిసార్లు చూసినా మళ్ళీ బట్టీయే అవుతుంది, దానితో మీరు ఎంట్రన్స్ దాకా వచ్చారు, ఇక్కడ నుంచి సాగదు. తెల్లకాగితం చాలు. పుస్తకం మూసి గుర్తున్నంత రాయండి, తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దండి, మర్నాడు ఆ గంటన్నరలో ముందు ఎర్రవి చూసి తర్వాతే కొత్త పాఠానికి వెళ్ళండి.