నాన్న టీవీకి వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్: బ్లూటూత్ సరిపోతుందా, రేడియో సెట్ కొనాలా, అసలు పెట్టాలా వద్దా?

గుంటూరు పెద్దబ్బాయి

నాన్నకు 76 ఏళ్లు. రాత్రయితే వార్తలు, తర్వాత సీరియల్, మ్యాచ్ ఉంటే మ్యాచ్. ఆయన పెట్టే సౌండ్‌కి పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు కొట్టే దాకా వెళ్లింది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, చదువుకునేది హాలుని ఆనుకున్న గదిలోనే. తగ్గించమంటే తగ్గిస్తారు, కాసేపటికి ఏమీ అర్థం కాక లేచి వెళ్లి పడుకుంటారు. అది చూస్తే మనసు ఒప్పుకోదు. షాపతను ఏ బ్లూటూత్ అయినా ఒకటే అంటున్నాడు. డాలస్‌లో ఉన్న తమ్ముడేమో టీవీకి రేడియో హెడ్‌ఫోన్లు వేరే ఉంటాయి, పంపిస్తానంటున్నాడు. మా ఆవిడ ఇంకోటి అంటోంది: పెద్దాయన చెవులు మూసేసి కూర్చోబెడతామా అని. వాడినవాళ్లు చెప్పండి.

స్పీకర్ సుబ్బు

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అన్నా. బ్లూటూత్ పాటలకు బాగుంటుంది, టీవీ దగ్గరకొచ్చేసరికి తేడా కొడుతుంది. శబ్దాన్ని కుదించి పంపాలి, అవతల హెడ్‌ఫోన్ దాన్ని విప్పాలి, మధ్యలో తెగకుండా కొంత నిల్వ ఉంచుకోవాలి. మామూలుగా బ్లూటూత్ వాడే ఎస్‌బీసీ కోడెక్‌తో, అంటే శబ్దాన్ని కుదించి విప్పే పద్ధతితో, ఈ తతంగానికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫార్సు ప్రకారం, శబ్దం బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లు వెనకబడితే చూసేవాళ్లు పసిగట్టేస్తారు, 185 దాటితే ఇక ఒప్పుకోరు. అంటే బ్యాట్స్‌మన్ కొట్టేశాక బంతి కొంత దూరం పోయాక టక్‌మని వినిపిస్తుంది.

టీవీ కోసమే చేసే రేడియో సెట్‌లో టీవీ పక్కన ఒక స్టాండ్ ఉంటుంది. అదే ట్రాన్స్‌మిటర్, అదే ఛార్జర్. ఆలస్యం పట్టించుకోవాల్సినంత ఉండదు, గోడ అడ్డమొచ్చినా వినిపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ రకం కూడా ఉంటుంది కానీ మనిషి అడ్డంగా నడిస్తే శబ్దం తెగిపోతుంది. మన హాళ్లలో ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు కాబట్టి దాన్ని వదిలేయండి.

చౌకబేరం

సుబ్బు గారు పాత టీవీల సంగతి చెబుతున్నారు. ఇప్పుడొచ్చే చాలా టీవీలకు బ్లూటూత్ ఉంది, సెట్టింగ్స్‌లో బొమ్మనీ శబ్దాన్నీ కలిపే ఏవీ సింక్ ఉంది. 'ఆప్టెక్స్ లో-లేటెన్సీ' అని ఆలస్యం తక్కువుండే కోడెక్ ఉంది, ఆ రకం అయితే 40 మిల్లీసెకన్లే. మా మామయ్య ఏ ఇబ్బందీ లేకుండా మామూలు నెక్‌బ్యాండ్‌తో సీరియళ్లు చూస్తున్నారు. ఫోన్‌కీ అదే, టీవీకీ అదే. వార్తలు వినడానికి అంత డబ్బు పోయాలా?

స్పీకర్ సుబ్బు

ఆ 40 రావాలంటే టీవీలోనూ, హెడ్‌ఫోన్‌లోనూ రెండుచోట్లా ఆ ఆప్టెక్స్ లో-లేటెన్సీ ఉండాలి. ఒకవైపే ఉంటే మళ్లీ ఎస్‌బీసీకే వస్తుంది. టీవీల్లో అది ఉన్నవి అరుదు, అందుకే వేరే ట్రాన్స్‌మిటర్ కొనాల్సి వస్తుంది. ఇక ఏవీ సింక్ చాలా టీవీల్లో శబ్దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. సౌండ్‌బార్‌కి అది పనికొస్తుంది. మనకు కావాల్సింది బొమ్మ ఆగడం. బొమ్మను ఆపే టీవీలూ ఉన్నాయి, కాదనను, మీ మామయ్య గారిది అలాంటిదే అయ్యుండొచ్చు.

పెద్దబ్బాయి గారూ, ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోండి. ఇంట్లో ఉన్న ఏ బ్లూటూత్ హెడ్‌సెట్ అయినా టీవీకి కలిపి వార్తలు పెట్టండి. యాంకర్ పెదవులు మాత్రమే చూడండి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు రెండూ కలుస్తాయి. అవి విడిపోయి తర్వాతి అక్షరానికి వెళ్లిపోయాక మీకు 'ప' వినిపిస్తే ఆ జోడీ పనికిరాదు. సరిగ్గా విడిపోయేటప్పుడే వినిపిస్తే చౌకబేరం గారే గెలిచారు, డబ్బు మిగుల్చుకోండి.

చెవిమాట

ఆడియాలజీలో, అంటే వినికిడి పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మీరంతా వస్తువు దగ్గరే ఆగిపోయారు, నాకు భయం అక్కడే.

పెద్దబ్బాయి గారూ, "సౌండ్ తగ్గిస్తే అర్థం కాక లేచి వెళ్లిపోతారు" అన్నారు చూడండి, అది ముఖ్యం. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు సన్నటి, హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలను తీసేస్తుంది. అ, ఆ, ఓ లాంటి అచ్చులు బలంగానే వినిపిస్తాయి. స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినిపిస్తోంది, ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. సౌండ్ పెంచితే వెనక మ్యూజిక్ కూడా పెరుగుతుంది తప్ప మాట తేటపడదు. పైగా మన ఇళ్లలో టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన ఫ్యాను. టీవీ నుంచి వచ్చిన మాట వాటికి తగిలి చెదిరిపోతుంది. హెడ్‌ఫోన్ ఆ దూరాన్ని తీసేస్తుంది కాబట్టి నిజంగానే మేలు చేస్తుంది. నేను వ్యతిరేకిని కాను.

కానీ ముందు పరీక్ష. చెవిలో గులిమి గట్టిపడినా ఇలాగే ఉంటుంది, అది తీయించడం చిన్న పని. ఒక చెవే మందగించినా, ఉన్నట్టుండి తగ్గినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. హైదరాబాద్ వైపు వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హెడ్‌ఫోన్ పెట్టాక ఇంట్లో గొడవ ఉండదు, దాంతో పరీక్ష సంగతి అందరూ మర్చిపోతారు. ఆయన టీవీ వింటారు, మనవరాలి మాట మాత్రం వినపడదు.

ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది, 90కి వచ్చేసరికి 4 గంటలే. కాబట్టి గరిష్ఠ సౌండ్‌కి హద్దు పెట్టే వీలున్న సెట్ చూడండి.

కాకినాడ కోడలు

మా అత్తయ్యకి రేడియో హెడ్‌ఫోన్లే తెచ్చాం. క్వాలిటీకి వంక పెట్టను. కానీ అది వచ్చాక మా ఇంట్లో జరిగింది చెప్పాలి. సీరియల్ వస్తున్నంతసేపూ ఆవిడ "చూశావా దాని కుట్ర" అని నాతో అనేవారు, నేను వంటింట్లోంచే జవాబిచ్చేదాన్ని. ఇద్దరం కలిసి మాట్లాడుకునేది రోజులో అదొక్కటే. హెడ్‌ఫోన్ వచ్చాక ఆ మాటలు ఆగిపోయాయి. కాలింగ్ బెల్ వినిపించదు, కుక్కర్ కూతలు వినిపించవు, పిలిస్తే పలకరు, భుజం తడితే ఉలిక్కిపడతారు. ఇప్పుడు ఆవిడ కుర్చీ చేయి దగ్గర చిన్న స్పీకర్ పెట్టాం. టీవీ సౌండ్ తక్కువ, ఆవిడ పక్కన స్పీకర్ సరిపడా. పక్క ఫ్లాట్‌కి ఏమీ వెళ్లదు. పెద్దబ్బాయి గారి ఆవిడ మాటే నా మాట.

విశ్రాంత మాస్టారు

అందరూ మా గురించి మాట్లాడుతున్నారు, మమ్మల్ని అడిగారా? నేను రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను, నా ఇష్టంతో. పొద్దున ఆకాశవాణి, రాత్రి కచేరీలు. కోడలు నిద్రపోయాక కూడా మృదంగం గుమికీ నాకు తెలుస్తుందంటే దీనివల్లే. ఇంకొకరికి ఇబ్బంది అవుతుందేమోనన్న సంకోచం లేకుండా వినడం మా వయసులో చిన్న విషయం కాదమ్మా.

బ్లూటూత్‌తో నేను వేగలేకపోయాను. టీవీ పెడితే అది మనవడి ఫోన్‌కి కలిసేది. బియ్యపు గింజంత బటన్, ఎన్ని సెకన్లు నొక్కాలో గుర్తుండదు, చెవిలో ఇంగ్లిష్‌లో ఏదో చెబుతుంది. రేడియో సెట్ అయితే స్టాండ్ మీంచి తీసి తలకు పెట్టుకుంటాను, అయిపోయాక స్టాండ్ మీద పెడతాను, ఛార్జింగ్ అదే అవుతుంది. సౌండ్ తిప్పే చక్రం చేతికి తగులుతుంది. లోపల ఉండేవి మార్చుకునే వీలున్న ట్రిపుల్ ఏ రీఛార్జబుల్ సెల్స్, అరిగిపోతే కొత్తవి వేసుకోవచ్చు. రోహిణి కార్తెలో మాత్రం చెవుల చుట్టూ చెమట పోస్తుంది, అది ఒప్పుకోవాలి.

కాకినాడ అమ్మాయికి ఒక మాట. స్టాండ్‌ని టీవీకి ఆప్టికల్ వైరుతో (శబ్దాన్ని కాంతిగా పంపే వైరు) కలిపితే చాలా టీవీల్లో టీవీ స్పీకర్ కూడా మోగుతుంది. హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చితేనే టీవీ మూగబోతుంది. చెవి గిన్నెల వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ రకం హెడ్‌ఫోన్ కొంటే కుక్కర్ కూత, పిలుపు రెండూ వినిపిస్తాయి. నేను వాడేది అదే.

కాకినాడ కోడలు

ఓపెన్ రకం సంగతి తెలియదు మాస్టారూ, థాంక్స్. కానీ తలమీద అది కనిపిస్తుంటే ఇంట్లోవాళ్లే పలకరించడం మానేస్తారు. పిల్లలకైతే "నానమ్మకి వినపడదులే" అని అలవాటైపోయింది. అది ఏ రకం కొన్నా మారదు.

గుంటూరు పెద్దబ్బాయి

పెదవుల పరీక్ష చేశాం. మా టీవీలో 'ప' చాలా ఆలస్యంగా వస్తోంది, అమ్మాయి కూడా పట్టేసింది. కాబట్టి బ్లూటూత్ వద్దనుకున్నాను. తమ్ముణ్ని అమెరికా నుంచి పంపమనమంటారా?

స్పీకర్ సుబ్బు

2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ రకమైతేనే పంపమనండి. అది అక్కడా ఇక్కడా ఒకటే. పాత అనలాగ్ సెట్లు అమెరికాలో 926–928 మెగాహెర్ట్జ్‌లో, యూరప్‌లో 863–865లో నడుస్తాయి. మన దేశంలో 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది 865–867. ఆ రెండూ మనకు సరిపోవు. అడాప్టర్ మీద 100–240 వోల్ట్స్ అని ఉందో లేదో చదవమనండి, 120 మాత్రమే ఉంటే ఇక్కడ పెట్టగానే కాలిపోతుంది. వైఫై రౌటర్ కూడా 2.4లోనే ఉంటుంది కాబట్టి స్టాండ్‌ని దానికి దూరంగా పెట్టండి.

చౌకబేరం

అలాంటప్పుడు ఇక్కడే కొనండి. పాడైతే డాలస్‌కి పంపుతారా? కొత్త టీవీ కొనే ఆలోచన ఉంటే మాత్రం ఆగమంటాను. 2022లో ఆరాకాస్ట్ అని బ్లూటూత్ వాళ్లే తెచ్చారు. ఒకే టీవీ నుంచి ఎంతమందైనా వినొచ్చు, ఆ సౌకర్యం ఉన్న చెవి మిషన్లకు కూడా నేరుగా వెళుతుంది.

గుంటూరు పెద్దబ్బాయి

ఇక్కడే తెప్పించాం, ఓపెన్ రకం. ఆప్టికల్ పెట్టాను. సెట్‌టాప్ బాక్స్ చానళ్లు వినిపిస్తున్నాయి. ఓటీటీ యాప్‌లో సినిమా పెడితే హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దం, టీవీలో మాత్రం వస్తోంది.

స్పీకర్ సుబ్బు

ఆ సినిమా శబ్దం డాల్బీ అనే కుదించిన రూపంలో వెళుతోంది, స్టాండ్‌కి డాల్బీ విప్పడం రాదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ ఆటో అనో, బిట్‌స్ట్రీమ్ అనో ఉంటుంది, దాన్ని పీసీఎమ్‌కి (కుదించని మామూలు శబ్దం) మార్చండి.

గుంటూరు పెద్దబ్బాయి

వచ్చింది, చాలా థాంక్స్. కోడలు గారు, చెవిమాట గారు అడగకముందే చెబుతాను. మ్యాచ్ చూస్తూ నాన్న మాట్లాడుతున్నారు, వికెట్ పడితే నన్ను పిలుస్తున్నారు. సీరియల్ అప్పుడు మాత్రం ఒక్కరే ఉంటున్నారు, ఆ విషయంలో మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. సోమవారం హియరింగ్ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రిపోర్ట్ వచ్చాక, దీంతోనే సరిపెట్టాలా చెవి మిషన్‌కి వెళ్లాలా అన్నది ఇక్కడే అడుగుతాను.