దివిసీమ ఉప్పెన షాట్: నీరు బకెట్టులోంచి ఒలికినట్టు ఎందుకు కనిపిస్తోంది?

తీరరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన నేపథ్యంగా మేము 25 నిమిషాల లఘుచిత్రం తీస్తున్నాము. సముద్రపు నీరు పొలాల మీదుగా వచ్చి ఒక తాటాకు గుడిసెను ముంచెత్తే 12 సెకన్ల షాట్ అందులో ముఖ్యమైనది. గుడిసెను, దాని వెనుక పొలాన్ని ఆగస్టులో నాగాయలంక దగ్గర చిత్రీకరించి, నీటిని బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో, నీరు తగలడానికి ఒక గుడిసె మోడల్‌ను పెట్టి, సిమ్యులేషన్‌గా (నీటి కదలికను కంప్యూటరే లెక్కకట్టేలా) చేసి కలిపాము. రిజల్యూషన్ పెంచి, నురగను రెట్టింపు చేసి, కంప్యూటర్‌ను రెండు రాత్రులు ఆపకుండా నడిపించినా, చూసిన ప్రతివారూ బకెట్టు తన్నేసినట్టుందనే అంటున్నారు. అల ఎత్తును 5 మీటర్ల నుంచి 9 మీటర్లకు పెంచితే మరింత బొమ్మలా తయారైంది. టెస్టు వీడియో జతచేశాను. పొరపాటు ఎక్కడుందో పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను. బడ్జెట్టు చాలా తక్కువ.

నురగలెక్క

మీ వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూశాను. నురగ సంగతి తరువాత చూద్దాము, ముందు కాలం లెక్క చూడండి. గుడిసె కప్పు కొనకు తగిలి ఎగిరిన ఒక నీటి ముద్ద అక్కడి నుంచి నేలకు పడడానికి మీ షాట్‌లో సరిగ్గా 6 ఫ్రేములు పట్టింది. కప్పు కొన 3 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, గురుత్వాకర్షణ కింద అంత ఎత్తు నుంచి పడే దేనికైనా దాదాపు 0.78 సెకను, అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 19 ఫ్రేములు పట్టాలి. నీరు మూడు రెట్లకు పైగా తొందరపడుతోందంటే, ఎత్తు ఆ నిష్పత్తికి వర్గం చొప్పున, అంటే సుమారు పది రెట్లు తగ్గిపోయిందని అర్థం. మీ గుడిసె సాఫ్ట్‌వేర్ లెక్కలో 3 మీటర్లు కాకుండా 30 సెంటీమీటర్లు ఉండి ఉంటుంది. ఒకసారి కొలిచి చెప్పండి.

పెద్ద నీటిని పెద్దదిగా చూపేది దాని ఎత్తు కాదండీ, అది పడడానికి తీసుకునే సమయం. అందుకే 9 మీటర్లకు పెంచినా ప్రయోజనం కనిపించలేదు. అల ముందుకు సాగే వేగానికీ ఇటువంటి కొలతే ఉంది: 5 మీటర్ల లోతున్న నీటిలో అల సెకనుకు దాదాపు 7 మీటర్లు, అంటే గంటకు 25 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఇది మోటారు సైకిలు వేగం కూడా కాదు. భయం పుట్టించేది వేగం కాదు, ఆగకపోవడం. మీ షాట్‌లో నీరు గుడిసెను కొట్టి, రెండు సెకన్లలో చల్లబడి, చెరువులా నిలిచిపోతోంది. ఎగువన నీటిని పుట్టించే ఎమిటర్‌ను షాట్ చివరి ఫ్రేము వరకు తెరిచే ఉంచండి.

తొట్టెపని

పై లెక్కను కంప్యూటర్లు రాకముందు మినియేచర్లతో (చిన్న నమూనాలతో) పనిచేసినవారు తలకిందులుగా వాడేవారు. నమూనా నాలుగో వంతు సైజులో ఉంటే కెమెరాను నాలుగుకు వర్గమూలమైన రెండు రెట్ల వేగంతో, అంటే సెకనుకు 48 ఫ్రేములతో నడిపి, 24తో ప్రదర్శిస్తే నీటి కదలిక బరువుగా కనిపిస్తుంది. పదహారో వంతు నమూనాకు 96 ఫ్రేములు కావాలి. అయితే నమూనాను ఎంత చిన్నది చేసినా నీటిచుక్క మాత్రం దానితోపాటు చిన్నదవదు, నీటి పైపొరను బిగించి ఉంచే తలతన్యత అడ్డుపడుతుంది. పదహారో వంతు గుడిసె మీద పడిన చుక్క తెర మీద గుమ్మడికాయంత కనిపించి గుట్టు రట్టు చేస్తుంది. అందువల్ల నీటి విషయంలో మూడో వంతు, నాలుగో వంతు కన్నా దిగకూడదన్నది నా అభిప్రాయం.

బడ్జెట్టు తక్కువన్నారు కాబట్టి ఇంకో మాట. 5 మీటర్ల లోతు, పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న నీరు 500 టన్నులు. ఊళ్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు వంద కావాలి. దీన్ని నిజం నీటితో చేయలేరు. కానీ గుమ్మం దగ్గర మోకాలి లోతు నీటిని చేయగలరు. దూరపు నీటిని కంప్యూటర్‌కు వదిలి, మనుషుల ఒంటిని తాకే నీటిని నిజంగా పెట్టండి.

లంకవాసి

నాకు గ్రాఫిక్స్ తెలియవు. మాది దివిసీమే. మీ వీడియో చూస్తే మూడు విషయాలు కళ్లకు గుచ్చుకున్నాయి.

మొదటిది పొలం. ఆగస్టు నాటికి మా వైపు నాట్లు పడి మడి పచ్చగా ఉంటుంది. ఉప్పెన వచ్చింది నవంబరులో, వరి పండి కోతకు వచ్చిన వేళ. పచ్చటి మడిని చూడగానే మా ఊరివాడెవడైనా ఇది ఆ రోజు కాదని అనుకుంటాడు. రెండవది నీటి రంగు. మీ నీరు నీలంగా ఉంది. పొలాలు, బోదెలు తుడుచుకుంటూ వచ్చిన నీరు బురదగా, కంకులు, తాటి కమ్మలు, కంప మోసుకుంటూ వస్తుంది. మూడవది, మీ కొబ్బరి చెట్లు సముద్రం వైపు వంగుతున్నాయి, నీరేమో సముద్రం నుంచే వస్తోంది.

మా నాయనమ్మ గోడలాంటి అలను చూడలేదు. హోరు విన్నది, తలుపు సందులోంచి చీలమండల లోతు నీరు లోపలికి రావడం చూసింది, దీపం వెలిగిద్దామని వెనక్కి తిరిగేసరికి నులక మంచం నేల మీద లేదు, తేలుతోంది. ఆమె ఎన్నిసార్లు చెప్పినా మంచం దగ్గరే ఆగేది.

నురగలెక్క

లంకవాసి గారు చెప్పిన గాలి దిశ శాస్త్రానికీ సరిపోతుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముళ్లకు వ్యతిరేకంగా తిరుగుతాయి. ఆ తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, దివిసీమ దానికి తూర్పున ఉంది. అటువైపు గాలి సముద్రం నుంచి నేల మీదికే వీస్తుంది, సముద్రాన్ని ఊరి మీదికి నెట్టిందీ అదే. కొబ్బరి మట్టలన్నీ దువ్వినట్టు ఒకే పక్కకు పోవాలి, తాటి కమ్మలు మాత్రం బిరుసు కనుక వంగే బదులు విరగాలి.

వానను కూడా సరిచేయండి. చినుకు ఎంత పెద్దదైనా సెకనుకు 9 మీటర్లకు మించి వేగంగా కిందికి పడదు. మీరు వేసిన 45 డిగ్రీల వాలు వాన గంటకు 32 కిలోమీటర్ల గాలికి సరిపోతుంది, అందులో గొడుగు వేసుకుని నడవవచ్చు. 150 కిలోమీటర్ల గాలిలో చినుకు నేలకు 12 డిగ్రీల కోణంలో, దాదాపు అడ్డంగా పోతుంది. మరొక సంగతి, మీరు చిత్రీకరించిన దృశ్యంలో (ప్లేటులో) గుడిసె నీడ నేల మీద స్పష్టంగా పడింది. మబ్బు కమ్మిన రోజున అలాంటి నీడ ఉండదు, కంపోజిటింగ్‌లో, అంటే దృశ్యాన్నీ నీటినీ కలిపేటప్పుడు, దాన్ని చెరపడం కన్నా మళ్లీ తీయడమే చవక.

తీరరేఖ

అందరికీ కృతజ్ఞతలు. సాఫ్ట్‌వేర్‌లోని గుడిసెను కొలిచాను, 31 సెంటీమీటర్లు వచ్చింది. నెట్‌లో దొరికిన మోడల్‌ను కొలత చూడకుండా వాడడం నా తప్పే. పది రెట్లు పెంచి తక్కువ రిజల్యూషన్‌లో నడిపితేనే నీటికి బరువు వచ్చింది, నురగ ఇంకా వేయనేలేదు. నవంబరు మూడో వారంలో మబ్బు పట్టిన రోజు చూసి పొలాన్ని మళ్లీ తీస్తాము.

లంకవాసి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఆ నులక మంచాన్ని మా చిత్రంలోకి తీసుకుంటాను. గుడిసె లోపలి సెట్‌లో రెండు ట్యాంకర్ల నీటితో అది తీయగలము. 12 సెకన్ల షాట్‌ను 5 సెకన్లకు తగ్గించి, దాని ముందు మంచాన్ని పెడదామనుకుంటున్నాము.

లంకవాసి

తీసుకోండి. మంచం తేలేటప్పుడు తల వైపు ముందు లేచిందని చెప్పేది. కాళ్ల వైపు ధాన్యం బస్తా ఉండేదట.