అమ్మానాన్న వస్తున్నారు: మందులు ఆడ కొనాలా, ఈడ కొనాలా?

కావలి అబ్బాయి, డాలస్

అన్నలకీ అక్కలకీ నమస్కారం. నేను అమెరికా వచ్చి రెండు నెలలు. వచ్చే నెల అమ్మానాన్న ఆరు నెలలు ఉండేట్టు వస్తున్నారు. నాన్నకి షుగర్. మిక్స్‌టార్డ్ 30/70 ఇన్సులిన్ సీసాలోంచి సిరంజితో పొద్దున 20, రాత్రి 14 యూనిట్లు. మెట్‌ఫార్మిన్, విల్డాగ్లిప్టిన్ కలిసిన బిళ్ల రోజుకి రెండు. అమ్మకి టెల్మిసార్టాన్, సిల్నిడిపిన్ కలిసిన బీపీ బిళ్ల, థైరాయిడ్ బిళ్ల. నాకు ఆస్తమా, ఇన్‌హేలర్ వాడతాను. కంపెనీ ఇచ్చింది హై డిడక్టబుల్ ఇన్సూరెన్స్ ప్లాన్, అంటే ఏడాదికి ఇంతని (డిడక్టబుల్) మన జేబులోంచి పెట్టాకే వాళ్లు ఇవ్వడం మొదలుపెడతారు. ఇన్‌హేలర్ ధర అడిగి ఉత్తచేతుల్తో తిరిగొచ్చాను. అందరి మందులూ ఊర్నుంచే తెప్పించుకోవడం మేలా?

ఆత్మకూరు అన్న, హ్యూస్టన్

ఏం భయపడబాక తమ్ముడూ. ఆరు నెలలకీ నెల్లూరు పొగతోట మందుల షాపుల్లో కొనేసి సూట్‌కేసుల్లో సర్దేయమను. ఎవురూ చూడరు. ఈడ రేట్లు వింటే లేని బీపీ కూడా వచ్చుద్ది.

ఒంగోలు అక్క, న్యూజెర్సీ (ఫార్మసీలో ఉద్యోగం)

అన్నా, చూడకపోతే సరే, చూస్తే ఏం చేస్తారు? సందర్శకులు సొంత వాడకానికి తెచ్చుకునే మందులకి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) చెప్పే లెక్క 90 రోజులు. అంతకు మించితే ఆపే అధికారం వాళ్లకుంది. ఆగిపోయేది ఇన్సులిన్ అయితే ఆ రాత్రికి ఏం పొడుచుకుంటారు?

కావలి తమ్ముడూ, 90 రోజులకి మించి ఉండే విదేశీయులకి మిగతా మందులు ఇంటి నుంచి పంపించే వీలు కూడా ఎఫ్‌డీఏనే ఇచ్చింది. పార్సిల్‌తో పాటు పాస్‌పోర్టు, వీసా కాపీలు, డాక్టరు రాసిన ఉత్తరం, ఇంగ్లీషులో ప్రిస్క్రిప్షన్ కాపీ ఉండాలి. అవి పెట్టె లోపల మందుల అడుగున కాకుండా పైన కవర్లో అంటించి ఉంటే తెరిచేవాళ్లకి ముందే కనపడతాయి. ఈ వెసులుబాటు మీ అమ్మానాన్నలకే. నువ్వు ఇక్కడ ఉంటున్నావు కాబట్టి నీ ఇన్‌హేలర్‌ని ఇదే దారిలో తెప్పించుకోవచ్చనుకోవద్దు.

ఇన్సులిన్‌ని మాత్రం పార్సిల్లో పంపొద్దు. దారిలో ఎండకి పాడవుతుంది, అయినా చూడ్డానికి బాగానే ఉంటుంది. విమానంలోనూ చేతి సంచీలోనే ఉండాలి. కింద లగేజీలో గడ్డకట్టొచ్చు, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టేది. మన ఊళ్లో మిక్స్‌టార్డ్ సీసా సాధారణంగా యూ-40, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దాని సిరంజి మూత ఎర్రగా ఉంటుంది. అమెరికా షాపుల్లో దొరికే సీసాలు యూ-100, సిరంజి మూత నారింజ రంగు. ఆ ఇన్సులిన్‌ని ఈ సిరంజిలోకి లాగితే ఏమవుతుందో చూడు. ఊరి సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అంటే 8 యూనిట్లే. షుగర్ ఎక్కి కూర్చుంటుంది, మందు పనిచేయడం లేదని డోసు పెంచుతారు. తిరగేసి ఇక్కడి సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. మనిషి పడిపోతాడు. కాబట్టి ఊరి సీసాలకి సరిపడా ఎర్రమూత సిరంజిలు ఊర్నుంచే రావాలి. ఇక్కడి సీసా మొదలుపెట్టిన రోజున మిగిలిన ఎర్రమూతలన్నీ ఇంట్లోంచి తీసేయాలి. రెండూ ఒకే డ్రాయర్లో ఉండకూడదు.

లెక్క వేసుకో. రోజుకి 34 యూనిట్లు, 90 రోజులకి 3,060. ఊరి 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు, కాబట్టి 8 సీసాలు.  ఇక్కడి సీసాలో 1,000 యూనిట్లు, నెలకి ఒకటి దాదాపు సరిపోతుంది. పేరు నోవోలిన్ 70/30. మనవాళ్లు 30/70 అంటే ఇక్కడ 70/30 అంటారు, మందు ఒకటే, చెప్పే వరస తిరగబడింది. వాల్‌మార్ట్ రిలయాన్ పేరుతో అమ్మేది సుమారు 25 డాలర్లు. ఈ పాత రకం ఇన్సులిన్‌కి చాలా రాష్ట్రాల్లో డాక్టరు చీటీ అక్కర్లేదు, కానీ ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి షెల్ఫుల్లో వెతకొద్దు, ఫార్మసీ కౌంటర్లో అడగాలి. అంటే నాలుగో నెల నుంచి ఇన్సులిన్ ఇక్కడే కొనొచ్చు. మారే ముందు మీ నాన్న డాక్టరుకి చెప్పి, మొదటి వారం వేలి పరీక్ష ఎక్కువ సార్లు చేయండి.

బిళ్లల సంగతి వేరు. విల్డాగ్లిప్టిన్‌కీ సిల్నిడిపిన్‌కీ అమెరికాలో అనుమతే లేదు, ఎంత డబ్బు పెట్టినా ఏ షాపులోనూ దొరకవు. షుగర్‌కి గ్లిక్లజైడ్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్ వాడేవాళ్లదీ ఇదే పరిస్థితి. వాటిని 90 రోజులకి తెచ్చుకుని మిగతావి పార్సిల్లో పంపించుకోవాలి, లేదా బయల్దేరే ముందే అక్కడి డాక్టరుతో మందు మార్పించుకోవాలి. మార్పిస్తే కనీసం మూడు నాలుగు వారాలు ఊళ్లోనే వాడి చూడాలి. సిల్నిడిపిన్ బదులు ఆమ్లోడిపిన్ రాస్తే కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు విమానం దిగాక మొదలైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, అందరికీ ఖర్చు, కంగారు.

పొదిలి అన్న, డాలస్

తమ్ముడూ, నీ ఇన్‌హేలర్ సంగతి చెప్తా. ఊళ్లో మందు ధర అట్ట మీద అచ్చేసి ఉంటుంది, అంతకంటే ఎక్కువ అడగరు. ఇక్కడ ఒకే బిళ్లకి పక్కపక్క షాపుల్లో ధర వేరు. ఒకే షాపులో కూడా ఇన్సూరెన్స్ కార్డు మీద ఒక ధర, కూపన్ మీద ఇంకొకటి. అందుకే డాక్టరు నీ చీటీని కంప్యూటర్లో ఏదో ఒక షాపుకి నొక్కేయకముందే అక్కడే కూర్చుని ధర చూసుకో. అప్పటికే పంపేసినా ఫర్వాలేదు, కొత్త షాపువాళ్లకి ఫోన్ చేసి ట్రాన్స్‌ఫర్ చేయించుకోమంటే పాత షాపు నుంచి వాళ్లే లాక్కుంటారు.

కౌంటర్లో రెండు ప్రశ్నలు అడుగు: కార్డు వాడకపోతే ఎంత? దీనికి జెనెరిక్ (బ్రాండ్ పేరు లేకుండా చవకగా అమ్మే అదే మందు) ఉందా? కార్డు లేకుండా చవకని తెలిసినా ఫార్మసిస్టు నోరు విప్పకూడదని ఒకప్పుడు ఒప్పందాలుండేవి. 2018 అక్టోబరులో వచ్చిన చట్టాలు వాటిని నిషేధించాయి. అయినా మనం అడగందే చాలామంది చెప్పరు.

కార్డు బదులు గుడ్‌ఆర్ఎక్స్ లాంటి ధర తగ్గించే కూపన్ చూపించి కడితే ఆ డబ్బు మామూలుగా నీ డిడక్టబుల్లో జమ కాదు. ఏడాదికి ఒకటి రెండు మందులు కొనేవాడికి అదేం నష్టం కాదు. ఆపరేషనో కాన్పో ఉన్న ఏడాదైతే డిడక్టబుల్ ఎలాగూ నిండుతుంది కాబట్టి కార్డు మీదే కొనడం మంచిది.

హై డిడక్టబుల్ ప్లాన్ అనగానే అన్నీ సొంత డబ్బే అనుకోవద్దు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు, ఇన్సులిన్, కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మందులని డిడక్టబుల్ నిండకముందే కవర్ చేయొచ్చని 2019లో పన్నుల శాఖ వెసులుబాటు ఇచ్చింది. చేయాలన్న నిర్బంధం లేదు, ప్లాను ఇష్టం. మీ ప్లాను వెబ్‌సైట్లో ప్రివెంటివ్ డ్రగ్ లిస్ట్ అని ఉంటుంది, అందులో నీ మందు ఉందేమో వెతుకు. చాలామంది ఆ కాగితం తెరవకుండానే పూర్తి ధర కట్టేస్తుంటారు.

ఆస్త్రాజెనెకా, బోరింగర్ కంపెనీలు 2024 జూన్ నుంచి తమ ఇన్‌హేలర్లలో చాలావాటికి నెలకి 35 డాలర్ల పరిమితి పెట్టాయి, జీఎస్‌కే కూడా ఆ దారిలోనే వచ్చింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకీ అసలు లేనివాళ్లకీ వర్తిస్తుంది, మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్సులు ఉన్నవాళ్లకి కాదు. ఊళ్లో ఆస్తాలిన్ అనేది ఇక్కడ ఆల్బ్యుటెరాల్. సాల్బ్యుటమాల్ అని అడిగితే చాలామంది మొహం చూస్తారు. ఫోరాకార్ట్ అంటే బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్. పెట్టె మీది అంకెలు ఊరి అంకెల్తో సరిపోలకపోతే నువ్వే సర్దుకోవద్దు, డాక్టర్నే అడుగు.

మామూలు మందులకి ఇక్కడా చవక దారులున్నాయి. మెట్‌ఫార్మిన్ వాల్‌మార్ట్ జాబితాలో 30 రోజులకి 4 డాలర్లు, 90 రోజులకి 10. కాస్ట్‌కో ఫార్మసీకి మెంబర్‌షిప్ అక్కర్లేదు, తలుపు దగ్గర ఆపితే ఫార్మసీకని చెప్పు చాలు. కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అని 2022లో మొదలైన ఆన్‌లైన్ ఫార్మసీ కొన్న ధర మీద 15 శాతం, పైన 5 డాలర్ల కూలి, 5 డాలర్ల పోస్టేజీ వేసుకుంటుంది. నెలనెలా తెప్పిస్తే ఆ పదే ఎక్కువవుతుంది, 90 రోజులకి రాయించు. ఇట్లా కొనే జెనెరిక్ సీసా తిప్పి చూస్తే తరచూ కనపడేది అరబిందో, డాక్టర్ రెడ్డీస్ పేర్లే. హైదరాబాద్ బిళ్ల కోసం సముద్రం దాటి వచ్చామన్నమాట.

అసలు మంట బ్రాండ్ మందులతో. షుగర్ మందుల్లో సిటాగ్లిప్టిన్ పేటెంట్ మన దేశంలో 2022 జూలైలో, డాపాగ్లిఫ్లోజిన్‌ది 2020లో తీరాయి. వెంటనే పది కంపెనీలు దిగి ధర పడగొట్టాయి. అమెరికాలో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి బ్రాండ్ ధరే నడిచింది. అందుకే విల్డాగ్లిప్టిన్ బదులు దాని జాతిదే అయిన సిటాగ్లిప్టిన్ లాంటిది ఇక్కడ రాయించుకుందామనుకునే ముందు దాని ధర చూసుకో.

ఇంకోటి. నీ కార్డు మీద, నీ పేరు మీద అమ్మానాన్నకి మందులు తీసుకోవద్దు, అది మోసం కిందికొస్తుంది. పన్నుల లెక్కలో నీ డిపెండెంట్లు కానివాళ్ల మందులకి హెచ్ఎస్ఏ (వైద్యం ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు వాడినా, దాని మీద పన్నుతో పాటు 20 శాతం జరిమానా. విజిటర్ ఇన్సూరెన్స్ రోజూ వేసుకునే బీపీ, షుగర్ బిళ్లలకి ఇవ్వదు, దాన్ని నమ్ముకుని రావద్దు.

నెల్లూరు బాబాయ్, అట్లాంటా

అబ్బాయ్, ఊళ్లో కొనేటప్పటి సంగతులు రాస్తున్నా. మందుల షాపువాడు పట్టీలోంచి నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క వాడి దగ్గరే ఉండిపోద్ది. నిండు పట్టీలే తీసుకోమను. రోజుకి రెండు బిళ్లలంటే 90 రోజులకి 180, పట్టీలో 10 ఉంటే 18 పట్టీలు, 15 ఉంటే 12. అంత స్టాకు ఒక్క రోజులో ఉండదు, వారం ముందు చెప్పాలి. గడువు తేదీ తిరుగు ప్రయాణం తర్వాత దాకా ఉందో లేదో ప్రతి పట్టీకీ చూడాలి, ఒక్కో పెట్టెలో రెండు బ్యాచీలు కలిసుంటాయి. బిల్లు అమ్మది అమ్మ పేరున, నాన్నది నాన్న పేరున. సర్దడానికి చోటు చాలదని బిళ్లలన్నీ పీకి హార్లిక్స్ డబ్బాలో పోసుకు రావద్దు.

డాక్టరు చీటీ చేత్తో గీకింది కాకుండా టైపు చేయించి, బ్రాండ్ పక్కన అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయించు. ఆ పేరు చేతిలో ఉంటే జన ఔషధి షాపులో కూడా అడగొచ్చు, ఆడ పట్టీ మీద రాసుండేదే ఆ పేరు.

మోకాళ్ల నొప్పికని నిమెసులైడ్, జ్వరానికి అనాల్జిన్ పెట్టబాకండి, ఈడ వాటికి అనుమతి లేదు. ట్రమడాల్, ఆల్ప్రాజోలం, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు మీద ఈడ గట్టి నిఘా ఉంటుంది, డాక్టరు తప్పదంటే తప్ప వద్దు. డోలో 650 బదులు ఈడ టైలనాల్ దొరుకుద్ది, ఆడ ఎక్కువ కొనే పనిలేదు.

కావలి అబ్బాయి, డాలస్

చానా థాంక్సన్నా, అక్కా, బాబాయ్. అమ్మ థైరాయిడ్ బిళ్ల అయినా ఇక్కడ కొనొచ్చు కదా? 50 మైక్రోగ్రాములు.

ఒంగోలు అక్క, న్యూజెర్సీ

లెవోథైరాక్సిన్ ఇక్కడా చవకే, కానీ మన ఊరి చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు, ఇక్కడి డాక్టరు రాయాలి. ఒక విజిట్ ఖర్చు బిళ్లల ఖర్చుకి ఎన్నో రెట్లు. ఆమెకి ఊరి సీసాలే తెప్పించు, మూత సీలు తీయకుండా. తప్పక ఇక్కడి బిళ్లకి మారితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి, కంపెనీ మారితే ఒంటికి పట్టే మోతాదు కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ పరీక్ష ఇప్పుడే కావలిలో ఒకసారి చేయించి కాగితం వెంట తెమ్మను, పోల్చుకోడానికి అదే ఆధారం. బిళ్ల పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి, కాల్షియం బిళ్ల ఉంటే నాలుగు గంటల ఎడం. బయల్దేరే రోజు బిళ్ల వేసుకుని, దిగాక డాలస్ టైము ప్రకారం పొద్దున్నే వేసుకోవడం మొదలుపెడితే సరిపోతుంది. నాన్న ఇన్సులిన్‌కి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ప్రయాణం రోజు ఏ పూట ఎన్ని యూనిట్లో టికెట్ టైములు చూపించి డాక్టరుతోనే రాయించుకోండి.